రాతి మీద పేరు: అమరావతి దాతలు, ఆంగ్లదేశపు అలబాస్టరు

పావగడ తాలూకా పటం చూస్తే ఒక వింత కనబడుతుంది. పేరుకు తుమకూరు జిల్లాలోదే అయినా దాదాపు అన్ని వైపులా ఆంధ్ర దేశమే దాన్ని చుట్టుకొని ఉంటుంది. అక్కడి ఊళ్ళలో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. రాయచెర్లు అన్న ఊరిపేరును ఇవాళ ఏ లిపిలో రాసినా, చెవికి వినబడేది తెలుగు చెరువే అని మాకు తోస్తుంది. ఇటువంటి సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చి తెలుగు చదువుకొనే విద్యార్థులను పాత శిల్పాలు ఎవరు చేయించారని అడిగితే, సాధారణంగా వచ్చే జవాబు 'రాజులు' అనే. లేపాక్షి పొరుగునే ఉంది కనుక, ఇంకొంచెం తెలిసినవారు పెనుకొండలో విజయనగర రాజుల కొలువు చేసిన విరుపన్న, వీరన్న సోదరుల పేర్లు చెబుతారు. ఆ జవాబు లేపాక్షికి సరిపోతుంది. కృష్ణాతీరంలోని అమరావతికి మాత్రం సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమరావతిని అర్థం చేసుకోవటానికి పక్కన మరొక దేశపు శిల్పాన్ని పెట్టి చూస్తే మేలని మా అభిప్రాయం. అది 14, 15 శతాబ్దాల ఇంగ్లండులో అలబాస్టరు రాతిమీద చెక్కిన క్రైస్తవ శిల్పం. ఈ రెండింటికీ మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడం ఉంది, మతాలు వేరు, ఒకదాని ప్రభావం మరొకదానిమీద ఉండే అవకాశమే లేదు. అయినా రెండు చోట్లా రాయి మెత్తనిది. డబ్బు పెట్టినవారిలో చిన్నవారు చాలామంది. రెండు చోట్లా చాలా శిల్పాలు నాశనమయ్యాయి, మిగిలినవి దేశాలు దాటాయి. చివరకు రెండూ లండన్ నగరంలోనే, ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో, మరొకటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, పెద్ద సంఖ్యలో చేరాయి.

ముందు రాయి సంగతి. అలబాస్టరు చూపుకు పాలరాయిలాగా ఉంటుంది గాని పాలరాయి కాదు. అది జిప్సం జాతి. గోటితో గీరినా గీత పడేటంత మెత్తన. ఉలికి సులువుగా లొంగుతుంది, రంగునూ బంగారు పూతనూ బాగా పట్టుకుంటుంది. నీటికి మాత్రం ఆగదు, వానలో ఉంచితే మెల్లగా కరుగుతుంది. అందుకే అవన్నీ చర్చి లోపలా, ఇళ్ళ లోపలా పెట్టుకొన్న బొమ్మలు. అమరావతి రాయి ఇంత మెత్తన కాదు. అది పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ తగిలిన తెలుపు. మొదట చూసిన ఆంగ్లేయులు దాన్నీ పాలరాయి అనే పిలిచారు. కడప బండలు, షాబాదు బండలు మన ఇళ్ళలో నేలకు పరుచుకొంటాం కదా, ఇదీ ఆ తీరుదే. పొరలు పొరలుగా, పలకలుగా లేస్తుంది. పావగడ కొండను చూస్తూ పెరిగినవారికి తెలిసిన నల్లరాతి గుండుకూ దీనికీ ఎంతో తేడా. గుండును చీల్చాలంటే పెద్ద బలగం కావాలి. పలకనైతే ఒక కుటుంబం కొనగలదు, చెక్కించగలదు, దానం ఇవ్వగలదు. స్తూపం చుట్టూ అంతమంది పేర్లు పోగుపడటంలో రాతి స్వభావానికి కూడా కొంత పాలు ఉందనుకొంటాం.

ఇంగ్లండులో అలబాస్టరు గనులు టట్‌బరీ, చెల్లాస్టన్ అనే చోట్ల ఉండేవి. చెక్కే పనికి పేరు పడ్డ పట్టణం నాటింగ్‌హామ్. మొదట్లో ఇది రాజుల పనే. మూడవ ఎడ్వర్డు రాజు విండ్సర్ ప్రార్థనాలయం కోసం చేయించిన పీఠశిల్పాన్ని 1367లో నాటింగ్‌హామ్ నుంచి 10 బండ్లమీద, 80 గుర్రాలు కట్టి తోలుకుపోయారు. తరువాతి నూరేళ్ళలో పరిస్థితి మారిపోయింది. 1491లో నాటింగ్‌హామ్‌లో నికొలస్ హిల్ అనే బొమ్మలపనివాడు ఒక వ్యాపారిమీద దావా వేశాడు. తగాదా వచ్చిన సరుకు బాప్తిస్మమిచ్చే యోహాను శిరస్సులు, ఒకటీ రెండూ కాదు, 58! పళ్ళెంలో పెట్టిన ఆ శిరస్సు బొమ్మను మామూలు గృహస్థులు ఇంట్లో పెట్టుకొని పూజించేవారు. అంటే ముందే చెక్కి ఉంచి, మారుబేరగాళ్ళ చేత ఊరూరా అమ్మించే స్థితికి ఆ వృత్తి వచ్చిందన్నమాట. మన కొండపల్లి బొమ్మల అంగడి గుర్తుకు వస్తే తప్పులేదు. కొంచెం కలిగినవారు, వర్తకులు, వృత్తి సంఘాలవారు, పూజారులు, క్రీస్తు బాధలూ మరియమ్మ కథలూ వరుసగా చెక్కిన పలకలను చర్చికి ఇచ్చేవారు. చేల్ అనే చిన్న ఊరి పూజారి జాన్ గుడ్‌యర్ 1456లో స్పెయిన్ దేశంలోని శాంతియాగో యాత్రకు వెళ్ళి, అక్కడి పెద్ద గుడికి యాకోబు చరిత్ర చెక్కిన అలబాస్టరు పలకల వరుసను సమర్పించాడు. అది నేటికీ అక్కడ ఉంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. గుడ్‌యర్ పేరు మనకు తెలిసింది దానపత్రం వల్ల. హిల్ పేరు తెలిసింది కోర్టు కాగితం వల్ల. ఇంగ్లండు పలకలమీద సాధారణంగా ఇచ్చినవారి పేరు ఉండదు. కాగితం పోతే దాత కూడా పోయినట్టే. అమరావతి అటువంటిది కాదు. అక్కడ కాగితమూ లేదు, తాటాకూ మిగలలేదు. పేరు మాత్రం రాతిమీదనే ఉంది.

అమరావతి, దాని పక్కనే ఉన్న ధరణికోట, ఇప్పుడు పల్నాడు జిల్లాలో కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. ప్రాచీన ధాన్యకటకం ఇదే. ఇక్కడి మహాచైత్యం అండం కింది వేదిక అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. దాని చుట్టూ ఎత్తైన రాతి కంచె, నాలుగు దిక్కులా ద్వారాలు, ప్రతి దిక్కునా 5 ఆయక స్తంభాలు ఉండేవి. క్రీ.పూ. 2వ శతాబ్దం మొదలుకొని క్రీ.శ. 3వ శతాబ్దం దాకా పెంచుతూ, మారుస్తూ పోయిన కట్టడం ఇది. కంచెలో నిలువు రాయికి 'థభ' అని, అడ్డంగా దూర్చిన రాయికి 'సూచి' అని, పైన పరచిన దూలానికి 'ఉణీస' అని పేర్లు. సంస్కృతంలో ఇవే స్తంభం, సూచి, ఉష్ణీషం. వేదికకు తాపిన చెక్కుడు పలక 'పట'. దాతలు తాము ఇచ్చింది ఏ రాయో ఈ మాటలతోనే చెప్పి, 'దానం' అనే మాటతో ముగిస్తారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పడతాం. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో ఛేదించాడని మీరు చదివే ఉంటారు. దారి చూపింది రాజశాసనం కాదు. సాంచీ స్తూపం కంచెమీది చిన్నచిన్న రాతలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని గమనించి, అవి 'దానం' అయి ఉండాలని ఊహించాడాయన. అశోకుడి మాటలు మనం చదవగలగటానికి పేరూ ఊరూ తప్ప చెప్పుకోవటానికేమీ లేని దాతలు తాళంచెవి అందించారు. గుడిలో ట్యూబులైటుమీద వెలుతురు రాకుండా దాత పేరు రాయించటాన్ని చూసి నవ్వుతాం గాని, ఆ అలవాటు వల్ల చరిత్రకు మేలు జరిగిన సందర్భమూ ఉంది.

అమరావతి దాతల్లో అందరికంటె ముందు చెప్పుకోవలసినవాడు విధికుడు. శాసనం అతన్ని 'చమ్మకార' అంటుంది, అంటే తోలుపని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, అతడు 'ఉపఝాయ', అంటే ఉపాధ్యాయుడు. విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో, కూతుళ్ళతో, జ్ఞాతులతో, మిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. కొడుక్కి తాత పేరే పెట్టుకొన్నాడని గమనించండి. ఆ అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఇక తండ్రి ఉపాధ్యాయుడై కొడుకు తోలుపనివాడు కావటం చూసి, ఆనాడు కులభేదాలే లేవనే నిర్ణయానికి దూకేవారు ఉన్నారు. ఒక పలక ఆధారంగా అంత మాట అనలేం. కాని తోలుపని చేసేవాడి పలకకు మహాచైత్యంమీద చోటు దొరికింది, తన వృత్తిని దాచుకోకుండా చెప్పుకొన్నాడు. ఈ రెండూ రాతిమీద ఉన్న విషయాలు, వీటికి వ్యాఖ్యానం అక్కరలేదు.

కుటుంబమంతటినీ కలుపుకొని దానం చేయటం ఈ శాసనాలన్నిటా కనబడే లక్షణం. పుణ్యం ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. జ్ఞాతి మిత్ర బాంధవులతో సహా అనే అర్థం వచ్చే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన పెళ్ళి శుభలేఖ చివర 'బంధుమిత్రుల అభినందనలతో' అని వేసుకొనేది చూసినప్పుడల్లా మాకు ఈ రాళ్ళు గుర్తుకొస్తాయి. స్త్రీల పేర్లు విరివిగా ఉన్నాయి. గృహిణులు, ఉపాసికలు, భిక్షుణులు స్వతంత్రంగానే దానాలు చేశారు. బుద్ధరక్షిత అనే భిక్షుణి, ఆమె గురువు కూడా బుద్ధరక్షితుడే, కట్టడపు పనులు చూసే థేరుడు. ఆమె దానంలో కూతురు ధమ్మదిన్న పేరు కూడా చేరింది. సంసారం వదిలి సంఘంలో చేరిన తల్లి కూతురితో సంబంధం తెంచుకోలేదన్నమాట.

సేనగోపుడు ముడుకుతలుడు ఒక స్తంభం ఇచ్చాడు. 'సేనగోప' సైన్యానికి సంబంధించిన ఉద్యోగం. సుగంధద్రవ్యాలు అమ్మే గంధికులు ఇచ్చారు. ధాన్యకటకపు నిగమం, అంటే పట్టణపు వర్తక సమాజం, ఉమ్మడిగా ఇచ్చింది. మరి రాజు? శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఒక శాసనంలో ఉంది. చైతిక శాఖకు చెందిన ఈ మహాచైత్యానికి పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రం నిలిపిన సందర్భం అది. దాన్ని నిలిపినది మాత్రం ఒక గృహస్థుల కుటుంబం. రాజు పేరు వచ్చింది కాలం చెప్పటానికి. దీన్నిబట్టి రాజుల ఆదరణ ఏమీ లేదనటం పొరపాటు. అయినా అదే కృష్ణాతీరంలో పైనున్న నాగార్జునకొండకు పోతే తేడా తెలుస్తుంది. అక్కడ ఆయక స్తంభాలు నిలిపినవారిలో మొదటి పేరు ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరిది. అక్కడ అంతఃపురం ముందుంటుంది, ఇక్కడ అంగడీ, ఇల్లూ ముందుంటాయి.

మన వంటి పాఠకులకు, అంటే తెలుగునేలకు అంచునా ఆవలా ఉన్నవారికి, అన్నిటికంటె ఆసక్తి కలిగించే దాత 'దమిళ కణ్హ'. కణ్హ అంటే కృష్ణుడు. దమిళ అంటే తమిళుడు. తమ్ముడు చుళకణ్హతో, అంటే చిన్న కృష్ణునితో, చెల్లెలు నాఖాతో కలిసి మహాచైత్యం పాదంలో ఒక నిలువు పలక ఇచ్చాడు. ధాన్యకటకంలో వారిని ఫలానా ప్రాంతంవారని గుర్తుపట్టేవారని ఆ పేరే చెబుతున్నది. బయటివారిగా పిలిపించుకొంటూనే ఊరివారందరితోపాటు ఒక రాయి ఇచ్చి, ఆ పిలుపునే రాతికెక్కించారు.

ఇప్పుడు భాష విషయానికి వద్దాం. ఈ శాసనాలన్నీ ప్రాకృతంలో ఉన్నాయి. విధికుడు ఇంట్లో ఏ భాష మాట్లాడాడు? శాసనం చెప్పదు. కాని పేర్లు కొంత చెబుతాయి. దాతల ఊళ్ళుగా కుదూర, కేవురూర, తురులూర వంటివి కనబడతాయి. ప్రాకృతపు విభక్తుల మధ్య 'ఊరు' దాక్కోలేకపోయింది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అమరావతి రాతిముక్క ఒకదానిమీద 'నాగబు' అనే మాటను చూపించి, '-ంబు' అనే తెలుగు ప్రత్యయానికి తొలిరూపం ఇందులో ఉందన్నారు. మన సాహిత్య చరిత్రల్లో అది మొదటి తెలుగు మాటగా స్థిరపడింది. విరిగిన రాయి కాబట్టి అది 'నాగబుద్ధ' వంటి పేరులో మొదటి భాగమే కావచ్చునని సందేహించినవారూ ఉన్నారు. మాకు కూడా ఆ సందేహం బలమైనదిగానే తోస్తుంది. ఒక్క మాటమీద భాష ప్రాచీనత నిలబెట్టుకోవలసిన అవసరం తెలుగుకు లేదు. ఊరిపేర్ల సాక్ష్యం అంతకంటె గట్టిది, ఎందుకంటే దాన్ని ఎవరూ కావాలని చెక్కలేదు. వాక్యాలుగా తెలుగు శాసనం రాయటం క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల కాలంలో, కడప జిల్లా కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలతో మొదలవుతుంది. ఆ తరువాత కూడా మాట్లాడే భాష, రాతికెక్కే భాష ఒకటిగానే ఉన్నాయనుకోరాదు. లేపాక్షి గుడి శాసనాలు చాలావరకు కన్నడంలో ఉన్నాయి. కాబట్టి ఒక ఊళ్ళో దొరికిన శాసనం కన్నడమైతే అక్కడ తెలుగువారు లేరనీ, తెలుగైతే కన్నడిగులు లేరనీ వాదించటం చెల్లదు. పావగడ తాలూకా విద్యార్థికి ఇది పుస్తకం చూసి తెలుసుకోవలసిన విషయం కాదు. తన నోట్‌బుక్కు ఒక భాషలో, తన అమ్మ మాట మరొక భాషలో ఉన్నాయి.

మహాచైత్యం చాలాకాలం బతికింది. 1182లో కోట వంశపు రెండవ కేత రాజు ఇక్కడి బుద్ధునికి ఊళ్ళూ అఖండదీపాలూ ఇచ్చినట్టు అమరేశ్వరాలయంలోని స్తంభశాసనం చెబుతుంది. 1344 నాటి శ్రీలంక గడలాదెణియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని అంటుంది. తరువాత అది మట్టిదిబ్బయింది, దీపాలదిన్నె అన్న పేరు మిగిలింది. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తున్నప్పుడు రాళ్ళకోసం దిన్నెను తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. మళ్ళీ 1816లో చిత్రకారులతో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ మధ్య కాలంలోనే చాలా పోయింది. సున్నపురాతిని కాలిస్తే వచ్చేది సున్నమే! విధికుని పూర్ణఘటం వంటివి ఎన్ని బట్టీలో పడి గోడలకు పూతలయ్యాయో లెక్క లేదు. మెకంజీ బొమ్మల్లో తప్ప ఇప్పుడెక్కడా లేని పలకలు ఉన్నాయి.

ఇంగ్లండులో జరిగినదీ దీనికి దగ్గరే, అయితే అక్కడ పని చేసింది చట్టం. 1550లో విగ్రహాలను చర్చిలనుంచి తొలగించి నాశనం చేయాలని పార్లమెంటు శాసించింది. అదే సంవత్సరం 3, 4 ఓడల విగ్రహాలు అమ్మకానికి ఫ్రాన్సు చేరాయని అక్కడి ఆంగ్ల రాయబారి రాశాడు. అలబాస్టరును కాలిస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది. కొన్ని పగిలి నేలలో పూడాయి, ఓడలెక్కినవి బతికాయి. తిరిగి వాటిని ఏరి కూర్చినవారిలో ముఖ్యుడు హిల్డ్‌బర్గ్. ఆయన 1946లో తన సేకరణను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చాడు.

అమరావతి రాళ్ళు కూడా ఓడలెక్కాయి. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చినవి అక్కడ ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్‌కు పోయాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి. అదే 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞమీద దిన్నె మధ్యభాగాన్నంతా తవ్వి ఊడ్చివేశారు. ఏ రాయి ఎక్కడ ఉన్నదీ గుర్తు పెట్టకుండా జరిగిన ఆ పని, జమీందారు మేస్త్రీల పనికంటె మెరుగని మేమనలేం. మేస్త్రీలకు తామేం చేస్తున్నదీ తెలియదు. తరువాత బర్జెస్, రే వంటివారు మిగిలినదాన్ని జాగ్రత్తగా చూశారు. 1942లో శివరామమూర్తిగారు మద్రాసు మ్యూజియంలోని శిల్పాలను, శాసనాలతో సహా, పుస్తకంగా వివరించారు. ఈనాటికీ విద్యార్థి మొదట పట్టుకోవలసిన పుస్తకం అదే.

కర్ణాటకంలో ఉండే విద్యార్థి ఇందుకోసం లండన్ దాకా పోనక్కరలేదు. కలబురగి జిల్లాలో భీమానది ఒడ్డున, సన్నతి దగ్గర కనగనహళ్ళిలో 1990లలో పురావస్తుశాఖవారు బయటపెట్టిన స్తూపం అమరావతికి దాయాది. రాయి కూడా ఆ షాబాదు తీరు సున్నపురాయే. 'రాయో అసోకో' అని పేరు చెక్కిన అశోకుని పలక దొరికింది అక్కడే. శాతవాహన రాజుల బొమ్మలూ పేర్లతో ఉన్నాయి, దాతల పేర్లూ ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో గాని, అమరావతిలో ఉన్న పురావస్తుశాఖ మ్యూజియంలో గాని పలకల ముందు నిలబడితే కళ్ళు సహజంగా మధ్యనున్న తామరమీదికీ, జాతక కథలమీదికీ పోతాయి. అవి చూసిన తరువాత కొంచెం పక్కకు వంగి, బొమ్మకు పైనా కిందా ఉన్న సాదా అంచును చూడండి. అక్షరాలు చిన్నవి, లోతు తక్కువ, ఎదురు వెలుతురులో కనబడవు. వెలుతురు పక్కనుంచి పడే చోట, చాలా రాళ్ళమీద మొదట చదవగలిగేది చివరనున్న రెండక్షరాలే.